పాత పికప్పు బండి బేరము: కొనకముందు రైతు లెఱుగవలసిన సంగతులు

అమ్మబోయిన అడవి, కొనబోయిన కొఱివి యని పెద్దలు చెప్పిన మాట ధాన్యమున కెంత చెల్లునో, మోటారు బండికి అంతకంటె నెక్కువగా చెల్లును. ధాన్యపు బస్తాలో చేయి పెట్టి పిడికెడు గింజలు తీసి చూచిన సరకు తెలియును. ఎద్దు నోరు తెఱచి పండ్లు లెక్కించిన వయస్సు తెలియును. పికప్పు బండికి రంగు వేసి, టైర్లకు నలుపు పూసి, సీట్లకు క్రొత్త తొడుగులు వేసి నిలిపినచో, పదునాలుగేండ్ల బండియు నాలుగేండ్ల బండివలె కన్పట్టును. బేరము ముగిసి, అప్పు పత్రముమీద సంతకము చేసి, ఇంటికి తోలుకొని వచ్చిన పిమ్మట అసలు వయస్సు బయటపడును. అప్పుడు తెలిసి ప్రయోజనము లేదు.

నాయుడుపేట ప్రాంతమున ఇట్టి బండి యవసరము నానాటికి హెచ్చుచున్నది. మన యూరు చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు 16వ నంబరు జాతీయ రహదారి మీద నున్నది. తిరుపతి మీదుగా మదనపల్లెకు పోవు 71వ నంబరు రహదారియు ఇచ్చటనే మొదలగును. వడ్లు మిల్లునకు పోవలెను. నిమ్మకాయలు గూడూరు మార్కెట్టునకు పోవలెను. కూరగాయలు సుమారు 110 కిలోమీటర్ల దూరమున నున్న చెన్నపట్టణమునకు తెల్లవాఱక ముందే చేరవలెను. కోతల కాలమున బాడుగ బండి దొరకదు. దొరకినను అడిగినంత ఇచ్చుకొనవలెను. క్రొత్త బండి ధర చూచిన గుండె జల్లుమనును. అందుచేత మన సభ్యులలో పలువురు పాత బండి వైపు మొగ్గుచున్నారు. అది తప్పు కాదు. తెలియక కొనుటయే తప్పు.

ఈ వ్యాసమున మొదట ఏ యేటి బండి యెట్టిదో, పిమ్మట బండి గత చరిత్రను కనుగొను విధమును, దానిని పరీక్షించు విధమును, కాగితముల సంగతిని, తుదకు లాభనష్టముల లెక్కను వివరించెదము.

1. బండి పుట్టిన యేడు

దళారి చెప్పు సంవత్సరము సాధారణముగా రిజిస్ట్రేషను సంవత్సరము. అది బండి తయారైన సంవత్సరము కాకపోవచ్చును. డిసెంబరులో తయారై, షోరూములో నిలిచి, మఱుసటి యేడు రిజిస్టరైన బండ్లు పెక్కులు గలవు. రిజిస్ట్రేషను పత్రములో తయారైన నెల, సంవత్సరము వేఱుగా వ్రాయబడి యుండును. దానినే నమ్మవలెను. చాలా కంపెనీల ఛాసిస్ నంబరులో 17 అక్షరములుండును. అందు పదవ అక్షరము సంవత్సరమును తెలుపును. ఏ యనగా 2010, బి యనగా 2011. ఆ వరుసననే హెచ్ 2017, జె 2018, కె 2019, ఎల్ 2020, ఎమ్ 2021, ఎన్ 2022, పి 2023. ఐ, ఓ, క్యూ అను అక్షరములను వాడరు. పత్రములోని సంవత్సరమును, ఛాసిస్ మీద చెక్కిన అక్షరమును సరిపోల్చి చూచుట రెండు నిమిషముల పని.

సంవత్సర మెందులకు ముఖ్యమనగా, పొగ నియమములు మాఱినపుడెల్ల ఇంజను స్వభావము మాఱినది. మన దేశమున 2010 నాటికి బి.ఎస్. 3 నియమములు అన్ని ప్రాంతములకు వచ్చెను. 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతట బి.ఎస్. 4, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 అమలులోనికి వచ్చెను. బి.ఎస్. 5 అనునది లేకుండనే ఆఱవదానికి దాటిరి. 2023 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 లో రెండవ దశ మొదలైనది. ఈ మెట్లను బట్టి పాత బండ్లను మూడు తరములుగా విభజింపవచ్చును.

మొదటి తరము, 2017 కు ముందటివి. వీనిలో పెక్కింటికి డీజిలు పంపు కేవల యంత్రమే. విద్యుత్తు మెదడు దానికి లేదు. సుమారు మూడు లీటర్ల ఇంజను గల టాటా 207 డీఐ, 2523 ఘన సెంటీమీటర్ల ఇంజను గల మహీంద్ర బొలెరో పికప్పు పాత రకములు ఈ కోవకు చేరును. ఇవి పొగ విడుచును, శబ్దము చేయును, డీజిలు కొంచె మెక్కువ త్రాగును. కాని పల్లెలోని మేస్త్రీ సయితము రెంచీలతో విప్పి బాగుచేయగలడు. దారిలో ఆగిపోయినచో గాలి తీసి, పంపు కొట్టి మరల నడిపింపవచ్చును. వీని దోష మొక్కటే: వయస్సు. ఈ తరపు బండి ఎంత చిన్నదైనను నేటికి తొమ్మిదేండ్లకు తక్కువది ఉండదు. 2017 మార్చి 29న సుప్రీం కోర్టు బి.ఎస్. 3 బండ్ల అమ్మకమును ఏప్రిల్ 1 నుండి నిషేధించుటచే, ఆ నెలాఖరు రెండు మూడు దినములలో నిల్వ బండ్లను ధర తగ్గించి త్వరత్వరగా అమ్మిరి. కాబట్టి 2017 రిజిస్ట్రేషను గల బండి బి.ఎస్. 3 యా, 4 ఆ యని విడిగా అడిగి తెలిసికొనవలెను. రెంటికిని ఒకే ధర ఇవ్వరాదు.

రెండవ తరము, 2017 నుండి 2020 మార్చి వఱకు తయారైనవి. వీనిలో కామన్ రైలు పద్ధతి సాధారణమయ్యెను. డీజిలును వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఒక గొట్టమున నిలువ చేసి, విద్యుత్తు మీట వలన సూదిమొనవంటి ఇంజెక్టరు ద్వారా చిమ్ముదురు. మన బండి టైరులోని గాలి ఒత్తిడి నాలుగైదు బార్లు మాత్రమే యని తలచిన, ఈ ఒత్తిడి యెంతటిదో బోధపడును. దీనివలన పొగ తగ్గును, లాగుడు పెరుగును, మైలేజి హెచ్చును. కాని డీజిలులో నీటి బొట్టు గాని, నలుసు గాని పడరాదు. పొలము గట్టున డ్రమ్ములో నిలువచేసిన డీజిలును వడకట్టక పోయువారికి ఈ బండి తగదు. ఇంజెక్టర్లు చెడినచో ఖర్చు వేలతో పోదు. 2011 లో హోసూరు కర్మాగారమునుండి వెలువడిన అశోక్ లేలాండ్ దోస్త్ మొదటినుండియు మూడు సిలిండర్ల, 1478 ఘన సెంటీమీటర్ల కామన్ రైలు ఇంజనుతోనే వచ్చెను. కనుక పాత దోస్త్ కొనువారు సయితము ఇంజెక్టర్లను పరీక్ష చేయింపక కొనరాదు.

మూడవ తరము, 2020 ఏప్రిల్ తరువాతివి. వీని సైలెన్సరులో మసిని పట్టి కాల్చు వడపోత పెట్టెయు, విషవాయువులను తగ్గించు ఇతర సాధనములును చేరినవి. ఆ సాధనము కంపెనీ కంపెనీకి వేఱుగా నుండును. కొన్నింటికి యూరియా ద్రావణము పోయవలెను, కొన్నింటికి అక్కఱలేదు. డీజిలులో గంధకము బి.ఎస్. 3 నాడు పదిలక్షలకు 350 పాళ్లు, బి.ఎస్. 4 నాడు 50 పాళ్లు ఉండగా, ఇప్పుడు 10 పాళ్లకు దిగినది. మసి పట్టు పెట్టె స్వభావమును రైతు బాగుగా గ్రహింపవలెను. బండి రహదారి మీద కొంతసేపు ఏకధాటిగా వేగముతో నడిచినప్పుడే ఆ పెట్టె వేడెక్కి మసి కాలును. ఇంటి నుండి చేనికి, చేని నుండి మిల్లునకు రెండేసి మైళ్లు మాత్రమే నడుచు బండిలో మసి కాలక పేరుకొని, దీపము వెలిగి, లాగుడు తగ్గును. వారమునకు రెండుసార్లు చెన్నపట్టణమునకో తిరుపతికో పోవు రైతునకు ఈ తరము మంచిది. ఊరు దాటని బండి కావలసినవానికి ఇది అనవసరపు చిక్కు.

ఇచ్చట మఱియొక సూత్రము గమనింపదగును. క్రొత్త పద్ధతి వచ్చిన తొలి యేటి బండ్లలో కంపెనీలకును, మేస్త్రీలకును అనుభవము తక్కువ. పాత పద్ధతి తుది యేటి బండ్లలో లోపములు చాలవఱకు సరిదిద్దబడి యుండును. కావున ధర సమానమై, వాడుక సమానమైనప్పుడు, 2017 నాటి తొలి బి.ఎస్. 4 బండి కంటె 2019 నాటిది మేలు. 2020 నాటి తొలి బి.ఎస్. 6 బండి కంటె 2022 నాటిది మేలు. తొలి యేటి బండి కొనవలసి వచ్చినచో, కంపెనీవారు ఆ రకమునకు ఉచితముగా మార్చి యిచ్చిన భాగములు ఈ బండికి మార్పబడెనో లేదో ఛాసిస్ నంబరు చెప్పి వారి సర్వీసు కేంద్రమున అడుగవలెను.

2. ఏ కంపెనీ బండి?

ఇది సభ్యులు మొదట అడుగు ప్రశ్న. మేము దానిని రెండవ స్థానమున నుంచితిమి; ఏలయనగా బాగుగా వాడిన యే కంపెనీ బండియైనను, చెడవాడిన మంచి కంపెనీ బండి కంటె మేలు. అయినను నాలుగు మాటలు చెప్పెదము.

టాటావారు 407 ను 1986 లోను, టాటామొబైలును 1988 లోను తెచ్చిరి. 207 ఆ వంశములోనిదే. 2017 జనవరిలో యోధ వచ్చెను. 2022 సెప్టెంబరులో రెండు టన్నుల బరువు మోయు యోధ రకమును విడుదల చేసిరి. మహీంద్రవారు 1947 లో జీపులు బిగించుటతో మొదలిడినవారు. వారి బొలెరో పికప్పు మన పల్లెలలో మిక్కిలి వ్యాపించి యున్నందున విడిభాగములు చిన్న బస్తీలలో కూడ దొరకును. ఆ కారణముననే పాత బండికిని ధర తగ్గదు. అశోక్ లేలాండ్ దోస్త్ తేలిక బండి. ఇఱుకు సందులలో తిరుగును, మైలేజి ఇచ్చును. మొదటి రకములు మోయు బరువు టన్నుంబావు, అనగా 1,250 కిలోలు. ఈసుజు డీ-మాక్స్ మన పొరుగుననే పుట్టుచున్నది. తడకు సమీపమున శ్రీసిటీలోని కర్మాగారము 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. అది దృఢమైన బండియే గాని విడిభాగము పల్లె దుకాణమున దొరకునా యని ముందుగా విచారింపవలెను. కర్మాగారము ప్రక్కన నున్నంత మాత్రమున విడిభాగము ప్రక్క అంగడిలో నుండదు.

కంపెనీ నెన్నుకొనుటకు సులభమైన మార్గ మొకటి గలదు. మీ యూరికి 20 కిలోమీటర్లలో ఏ బండిని బాగుచేయు మేస్త్రీలు ఇద్దఱు ముగ్గురున్నారో చూడుడు. క్లచ్చి ప్లేటు, నీళ్ల పంపు, బ్రేకు లైనింగులు, సెల్ఫు మోటారు ఈ నాలుగు ఏ బండికి ఆ పూటనే దొరకునో అడుగుడు. నిమ్మకాయల లోడుతో బండి నిలిచిన దినమున కంపెనీ కీర్తి మీ సరకును మార్కెట్టునకు చేర్పదు.

బరువు సంగతి కూడ ముందే లెక్కించుకొనవలెను. 75 కిలోల వడ్ల బస్తా చొప్పున 1,250 కిలోల బండికి 16 బస్తాలు, 1,700 కిలోల బండికి 22 బస్తాలు న్యాయమైన లోడు. నలుబది బస్తాలు వేసినను బండి కదలునని అమ్మువాడు గొప్పగా చెప్పినచో, అది బండి బలమునకు సాక్ష్యము కాదు. బండి యెట్లు వాడబడెనో వాడు తన నోటనే ఒప్పుకొనుట. 2019 లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 194వ విభాగము ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును విధింపబడును.

3. బండి గత చరిత్ర

మనుష్యుని ముఖము చూచి వృత్తి చెప్పవచ్చునన్నట్లు, బండి అడుగు చూచి దాని వృత్తి చెప్పవచ్చును. మన ప్రాంతమున అమ్మకమునకు వచ్చు బండ్లు ముఖ్యముగా నాలుగు విధముల పనులు చేసి వచ్చును.

మొదటిది, రొయ్యల చెఱువుల బండి. కోట, వాకాడు, చిల్లకూరు ప్రాంతపు తీరమున మంచుగడ్డలతో రొయ్యలు మోసిన బండికి ఉప్పునీరు తొట్టి సందులనుండి కాఱి ఛాసిస్ మీద పడును. పైన రంగు నిగనిగలాడుచున్నను, క్రింద ఇనుము పొరలు పొరలుగా లేచి యుండును. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునను కొట్టి చూడుడు. గట్టి యినుము గంటవలె మ్రోగును. తుప్పుపట్టినది డొల్ల శబ్దము చేయును. బ్రేకు గొట్టములను కూడ చూడవలెను.

రెండవది, ఇసుక, కంకర మోసిన బండి. దాని కమాన్ పట్టీలు వంపు పోయి చదునై యుండును. కొన్నింట అదనపు పట్టీలు చేర్చి యుందురు. కమాన్ బిగించు చోట్ల ఛాసిస్‌కు పగుళ్లు, వెల్డింగు అతుకులు కన్పట్టును. అట్టి అతుకున్న బండిని ధర యెంత తగ్గించినను కొనరాదు.

మూడవది, పట్టణపు పార్సిలు బండి. ఇది తక్కువ బరువు మోసినను మిక్కిలి తిరిగి యుండును. మీటరులో 60,000 కిలోమీటర్లు చూపుచు, క్లచ్చి పెడలు రబ్బరు అరిగి నునుపై, స్టీరింగు చక్రము మెఱయుచున్నచో మీటరును వెనుకకు త్రిప్పిరని గ్రహింపవలెను. సర్వీసు పుస్తకము, పాత బిల్లులు అడుగవలెను. యోగ్యతా పరీక్షకు పోయిన తేదీలు కూడ కొంత చెప్పును.

నాలుగవది, వరద బండి. ఇది అన్నిటికంటె అపాయము. 2015 డిసెంబరులో చెన్నపట్టణము మునిగెను. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగెను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నపట్టణమును, మన తీరమును ముంచెను. ఆ నీటిలో నానిన బండ్లు కొన్ని తుడుచుకొని, ఆరబెట్టుకొని, చేతులు మాఱి అమ్మకమునకు వచ్చినవి. ఈ వ్యాసము వ్రాయువాడే యొకప్పుడు అట్టి దానిని కొనెను. చూచుటకు ముద్దుగా నుండెను, ధరయు కలిసి వచ్చెను. మూడు మాసములు నడిచిన పిమ్మట ఒకనాటి రాత్రి సరకుతో పోవుచుండగా దీపములు ఆరిపోయినవి; మఱునాడు సెల్ఫు పనిచేయలేదు; ఒక తీగ మార్చిన మఱియొకటి చెడుచు వచ్చెను. డాష్‌బోర్డు విప్పి చూడగా లోపల ఎండిన ఒండ్రు మట్టి కనబడెను. బండి కొన్న సొమ్ము కాక, మరమ్మతులకు ఒక పంట రాబడి పోయెను. సీటు బెల్టును చివరివఱకు లాగి చూచియున్నచో దాని మీది మట్టి మరక ఆ దినముననే తెలిసియుండెడిది. కాబట్టి సీటు బెల్టు చివర, సీట్ల క్రింది మరలు, ఫ్యూజుల పెట్టె, దీపముల అద్దముల లోపలి తేమ తప్పక చూడవలెను. ముక్క వాసనయు ఒక సాక్షియే.

4. పరీక్ష చేయు విధము

పరీక్షకు ఉదయముననే పోవలెను. అమ్మువాడు ముందే ఇంజను వేడిచేసి యుంచినచో చలి వేళ తొలిసారి అంటుకొను కష్టము తెలియదు. కావున మొదట ఇంజను మీద చేయి వేసి చల్లగా నున్నదని నిశ్చయించుకొని, పిమ్మట తాళము త్రిప్పవలెను.

తాళము త్రిప్పగానే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపములన్నియు వెలిగి, ఇంజను అంటుకొన్న పిమ్మట ఆరిపోవలెను. ఆరకున్న దోషము. అసలు వెలుగకున్న మఱింత దోషము. దోషమును దాచుటకు దీపమునే తీసివేసిరన్న మాట. బి.ఎస్. 4, 6 బండ్లను స్కానరు గల మేస్త్రీ చేత చదివింపవలెను. ఆ రుసుము కొద్దిపాటిదే. బి.ఎస్. 6 బండిలో మసి పట్టు పెట్టెను కొందఱు కోసి తీసివేయుదురు. అట్టి బండి చట్టవిరుద్ధము, యోగ్యతా పరీక్షలో నిలువదు. మరల పెట్టింపవలెనన్న పెద్ద ఖర్చు.

పొగ రంగును చూడుడు. నల్లని పొగ గాలి చాలకో, డీజిలు మితిమీఱియో వచ్చును. గాలి జల్లెడ శుభ్రము చేసిన పోవచ్చును, ఇంజెక్టర్ల దోషమును కావచ్చును. నీలి పొగ ఇంజను నూనె కాలుచున్నదని తెలుపును. వేడెక్కిన పిమ్మటయు తెల్లని పొగ విడువనిచో సిలిండరులోనికి నీరు దిగుచున్నదని అనుమానింపవలెను. ఇంజను నడుచుచుండగా నూనె పోయు మూత తీసి చూడుడు. అందుండి ఆవిరి కుండవలె పొగ తన్నుకొని వచ్చినచో పిస్టను రింగులు అరిగినవని అర్థము. ఇంజను చల్లారి యున్నప్పుడే రేడియేటరు మూత తీసి, నీటిపై నూనె తెట్టె కలదేమో చూడవలెను. వేడిమీద తీసినచో ముఖము కాలును.

పిమ్మట బండిని తోలి చూడవలెను. ఖాళీగా కాదు, లోడుతో. అమ్మువాని అనుమతితో పది పన్నెండు బస్తాలు వేసి, వంతెన ఎత్తు మీద మూడవ గేరులో ఎక్కించుడు. ఇంజను అఱచుచు బండి కదలకున్న క్లచ్చి జారుచున్నది. గేరు తనంత తాను జాఱి బయటపడుచున్న గేరు పెట్టె పని పడును. చదునైన దారిలో స్టీరింగు వదలిన బండి ఒక ప్రక్కకు లాగుచున్నచో, టైర్ల అరుగుదలను, ముందు ఇరుసును చూడవలెను. టైరు ఒక అంచున మాత్రమే అరిగినచో ఛాసిస్ వంగిన అవకాశము కలదు.

మేస్త్రీని మనమే తోడు తీసికొని పోవలెను. అమ్మువాడు చూపిన మేస్త్రీ అమ్మువాని మనిషియే యనుకొనుట క్షేమము.

5. కాగితములు

ఇంజను చెడిన బాగుచేసికొనవచ్చును. కాగితము చెడిన బండి బండిగా నుండదు.

మొదట రిజిస్ట్రేషను పత్రములోని ఛాసిస్, ఇంజను నంబర్లు బండి మీదివానితో సరిపోవునేమో చూడవలెను. ఛాసిస్ నంబరు మీద కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొనుట మంచి అలవాటు. 2019 కి పూర్వము నెల్లూరు జిల్లా బండికి ఏపీ 26, చిత్తూరు జిల్లా బండికి ఏపీ 03 ఉండెడివి. 2019 నుండి రాష్ట్రమంతటికి ఏపీ 39 అను ఒకే శ్రేణి రాగా, నంబరు చూచి జిల్లా చెప్పుట సాధ్యము కాదు. నాయుడుపేట 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలో చేరినను పాత నంబర్లు అట్లే చెల్లును. పరివాహన్ సేవలో నంబరు కొట్టి యోగ్యతా పత్రము, బీమా, పన్ను, అప్పు, జరిమానాల బాకీ చూచుకొనవచ్చును.

బండి మీద అప్పున్నచో ఆ సంగతి పత్రములోనే వ్రాసి యుండును. అప్పిచ్చినవారు తీరినదని వ్రాసి యిచ్చు పత్రముతో పాటు 35వ నంబరు ఫారము మీద వారి సంతకము కావలెను. అది లేక అడ్వాన్సు ఇవ్వరాదు. తమిళనాడు బండి యైనచో అచ్చటి రవాణా కార్యాలయము వారి నిరభ్యంతర పత్రము కావలెను, ఇచ్చటి పన్ను వేఱుగా కట్టవలెను. తక్కువ ధరకు వచ్చినదనుకొన్న బండి ఈ రెండు ఖర్చులతో మన బండి ధరకే చేరుట కలదు.

యాజమాన్య మార్పిడికి 29, 30 నంబర్ల ఫారములు ఉభయులు సంతకము చేసి దాఖలు చేయవలెను. చట్టము ప్రకారము ఒకే రాష్ట్రములో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను తెలుపవలెను. సంతకము చేసిన ఫారములను పెట్టెలో దాచి సంవత్సరముల తరబడి తిరుగువారు మనలో గలరు. 2018 లో సుప్రీం కోర్టు ఒక వ్యాజ్యములో, రిజిస్ట్రేషను పత్రములో ఎవరి పేరున్నదో వారే ప్రమాదపు నష్టపరిహారమునకు బాధ్యులని తీర్పు చెప్పెను. ఆ బండి అంతకు ముందే పలు చేతులు మాఱినదన్న వాదము నిలువలేదు. కావున ఇది కొనువాని క్షేమము మాత్రమే కాదు. అమ్ము రైతునకు అంతకంటె నెక్కువ క్షేమము. బీమాను కూడ 14 దినములలో తన పేరికి మార్చుకొనవలెను.

రవాణా బండికి యోగ్యతా పత్రము ఎనిమిదేండ్ల వఱకు రెండేండ్ల కొకసారియు, ఆ పైన ఏటేటను పొందవలెను. 15 ఏండ్లు దాటిన రవాణా బండ్లకు ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుండి మిక్కిలి హెచ్చించిరి. మొత్తము బరువు, అనగా బండియు లోడును కలిపి, 3,000 కిలోలకు మించని సరకుల బండికి పర్మిట్టు అక్కఱలేదు; మించిన దానికి కావలెను. ఇక డ్రైవరు సంగతి. మొత్తము బరువు 7,500 కిలోలకు మించని సరకుల బండిని తేలిక మోటారు బండి లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీం కోర్టు 2017 లో చెప్పి, 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనము దానినే స్థిరపఱచెను.

ఒక్క మాట విడిగా చెప్పవలెను. నాట్లకు, కోతలకు కూలీలను తొట్టిలో నిలువబెట్టి తోలుకొని పోవుట మన యందఱి అలవాటు. సరకుతో పాటు పోవు సరకు యజమానికి, వాని ప్రతినిధికి చట్టము బీమా రక్షణ నిచ్చును. కూలీలను మోయుటకు ఇవ్వదు. ప్రమాదము జరిగిన పరిహారము రైతు పొలము మీద పడును. ప్రాణము పోయినచో దానికి పరిహారమే లేదు.

6. లాభనష్టముల లెక్క

ఇపుడు రెండు బండ్ల నూహించి లెక్క వేయుదము. ఈ అంకెలు ఉదాహరణ కొఱకే. సభ్యులు తమ అంకెలు వేసికొనవలెను. పాతది 2,50,000 రూపాయలకు కొని, అయిదేండ్లు వాడి 1,00,000 కు అమ్మితిమనుకొందము. ఏటికి తరుగు 30,000. క్రొత్త తరపుది 6,00,000 కు కొని 3,50,000 కు అమ్మితిమి. ఏటికి తరుగు 50,000. నూటికి పది వంతున వడ్డీ పాతదానికి 25,000, రెండవదానికి 60,000. పాతది లీటరుకు 10 కిలోమీటర్లు, రెండవది 13 కిలోమీటర్లు ఇచ్చును. డీజిలు లీటరు 100 రూపాయలు. బీమా, పన్ను రెంటికిని సమానమని విడిచితిమి.

ఏటికి 6,000 కిలోమీటర్లు తిరుగువానికి: పాత బండి మరమ్మతు 45,000, డీజిలు 60,000, మొత్తము 1,60,000. రెండవ బండి మరమ్మతు 20,000, డీజిలు సుమారు 46,000, మొత్తము 1,76,000. పాతదే లాభము.

ఏటికి 20,000 కిలోమీటర్లు తిరుగువానికి: మరమ్మతులు రెట్టింపనుకొని, పాత బండికి 90,000, డీజిలు 2,00,000, మొత్తము 3,45,000. రెండవ బండికి మరమ్మతు 40,000, డీజిలు సుమారు 1,54,000, మొత్తము 3,04,000. ఏటికి 41,000 రూపాయలు రెండవదానివలన మిగులును.

దీనినిబట్టి తేలునదేమనగా, తన పంటను మాత్రమే మోసికొను చిన్న రైతునకు, మంచి స్థితిలోనున్న 2015, 2016 నాటి సాదా ఇంజను బండి చాలును. పొరుగువారి సరకు కూడ బాడుగకు మోయుచు మార్కెట్లకు తఱచుగా పోవువానికి 2019 నాటిదో, 2022 నాటిదో తగును. ఏటికి రెండు మూడు వేల కిలోమీటర్లు కూడ తిరుగనివానికి ఏ బండియు తగదు, బాడుగయే చౌక. అట్టివారు నలుగురైదుగురు కలిసి ఒక బండి కొనదలచినచో, బండి ఒకరి పేర నుండినను, ఖర్చుల వంతు, డ్రైవరు జీతము, కోతల వేళ వరుస ముందుగా కాగితము మీద వ్రాసికొనవలెను. స్నేహము మీద నడచిన బండి మొదటి మరమ్మతు దగ్గఱ నిలిచిపోవును.

తుది మాట. కొనదలచిన సొమ్ములో అయిదవ వంతు చేతిలో మిగుల్చుకొని బేరమునకు పోవలెను. ఏలయనగా పాత బండికి తొలి మూడు మాసములలో బ్యాటరీ, టైర్లు, నూనెలు, బెల్టులు తప్పక ఖర్చగును. ఈ దినము మించిన మఱి దొరకదని అమ్మువాడు తొందరపెట్టినచో ఆ దినము కొనకుండుటయే మంచిది. బండ్లు మఱి వచ్చును. ఒక పంట సొమ్ము పోయినచో మరల చేతికి వచ్చుటకు ఒక సంవత్సరము పట్టును.